ఫ్యామిలీ సెక్షన్

"ఏమేవ్, స్టఫ్!"

వరండాలోంచి శ్రీకృష్ణ వేసిన కేకకి కోటేశ్వరి మూకుడు కింద మంట తగ్గించింది. స్టఫ్ అంటే మందులోకి నంజుకునేది. కనిగిరిలో ఉన్నప్పుడు ఆ కేక ఎప్పుడో పండక్కో పబ్బానికో వినిపించేది. పురుగుమందుల కంపెనీవాళ్లు అతన్ని సేల్స్ ఆఫీసరుగా గుంటూరు మార్చాక ప్రతి ఆదివారం వినిపిస్తోంది. పత్తికి పచ్చపురుగు, మిరపకి తామరపురుగు పట్టినన్నాళ్లూ డీలర్లకి దర్జా, డీలర్లని మంచి చేసుకోవాల్సిన శ్రీకృష్ణకి హడావుడి, కోటేశ్వరికి వేపుళ్లు. చేలో పురుగుకీ తన నడుం నొప్పికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఆ కంపెనీవాళ్లకి తెలిసినట్టు లేదు.

పళ్లెం పట్టుకొని గుమ్మందాకా వెళ్లి, లోపల్నుంచే చెయ్యి చాచి అందించాలి. అదీ పద్ధతి. ఆ చెయ్యి ఎవరిదని ఎవరైనా అడిగితే "మా ఫ్యామిలీ అండీ" అంటాడు శ్రీకృష్ణ. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ ఫ్యామిలీయే. ఫ్యామిలీకి జ్వరం, ఆ పక్క సీటు మా ఫ్యామిలీది, ఫ్యామిలీని అడిగి చెబుతాను (ఇది ఎవరైనా అప్పడిగినప్పుడు మాత్రమే). కోటేశ్వరి అనే పేరు రేషన్ కార్డులోనూ వాళ్లమ్మ నోట్లోనూ తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ ఆదివారం రొయ్యలు. చిలకలూరిపేట డీలరు యలమందయ్య రెండు నోట్లో వేసుకొని, నింపాదిగా నమిలి, "బానే ఉన్నయ్ గానీ శ్రీకృష్ణగారూ, మన పూర్ణిమా బార్లో రొయ్యల వేపుడు ముందు ఏదీ నిలవదండీ" అన్నాడు.

"నేను చెప్పీ చెప్పీ అలిసిపోయానండీ. మా ఫ్యామిలీకి ఆ రుచి పట్టుబడట్లేదు. ఒక్కసారి తిని చూస్తే తెలుస్తది. అట్టాగని తీసుకెళ్లి బార్లో కూర్చోబెడతామా?"

అందరూ నవ్వారు. గుమ్మం లోపల కోటేశ్వరి చెయ్యి ఇంకా పళ్లెం అంచు మీదే ఉంది. వచ్చిన వాళ్లందరి ముందూ చిన్నబుచ్చినందుకు ఆవిడకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అంతకంటే ముందు నోరూరింది. ఎలా ఉంటుందది? ఈ ఊళ్లో ఎన్ని బార్లున్నాయో, ఎక్కడ ఏది బాగుంటుందో, ఏ చోట బీరు చల్లగా ఇస్తారో ఈయన వచ్చి వర్ణిస్తుంటే విని విని, గుంటూరంతా ఆవిడకి వాసనగానే తెలుసు. నాలుగు వీధుల అవతలున్న వంటకం నోటికి అందకుండా, దాని రుచి మాత్రం చేతికి రావాలంటే ఎలా వస్తుంది?

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం, కూతురు హారిక స్కూల్లో ఉండగా, జాకెట్లు కుట్టిన డబ్బులు పర్సులో వేసుకొని పూర్ణిమా బార్ అండ్ రెస్టారెంట్ ముందు రిక్షా దిగింది. లోపలికి రెండడుగులు వేసిందో లేదో సర్వరు ఆదాం గాభరాగా అడ్డమొచ్చాడు.

"ఇటు లేడీస్ రాకూడదమ్మా. ఫ్యామిలీ సెక్షన్ మేడమీద."

మేడెక్కింది. ఖాళీ బల్లలు, తిరుగుతున్న ఫ్యాన్లు, ఎవరూ లేరు. వెనకాలే వచ్చిన ఆదాం, "ఎంతమందమ్మా?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

"ఫ్యామిలీ రాలేదా?"

ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇన్నేళ్లుగా ఫ్యామిలీ అంటే తనే. ఇక్కడికొచ్చేసరికి ఫ్యామిలీ అంటే మొగుడా? "ఒక్క ఆడమనిషిని కూర్చోబెడితే ఓనరు తిడతాడమ్మా, ఏమనుకోవద్దు" అని ఆదాం మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకి ఆవిడ మొహం ఇంకా మండింది. మెట్లు దిగుతుంటే కింద బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. దొంగతనం చేసి దొరికినట్టు తల వంచుకొని ఇంటికొచ్చి బెండకాయలు తరిగింది.

తరుగుతుంటే తోచింది, మెట్లెక్కడమైతే అయిపోయిందని. పడాల్సిన సిగ్గేదో పడేసింది. ఇక మిగిలింది తినడమే.

బస్టాండు దగ్గరి బార్లో ఆవిడని గదిలో కూర్చోబెట్టి తెర లాగేశారు. చల్లారిన నూడుల్స్ తెచ్చారు. బీరడిగితే సర్వరు వెళ్లి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు, అడిగిన మనిషిని చూపించడానికి. బీరు మాత్రం తేలేదు. అమరావతి రోడ్డులో తోట మధ్య పాకలు వేసిన చోట కౌంటర్లో కోటిరత్నమని ఓనరు భార్య ఉండేది. ఆవిడ చూసి నవ్వి, కొరమీను పులుసు పెట్టించింది. ఎంత బాగుందంటే, పులుసు గిన్నెలో అడుగుబొడుగు కూడా ఊడ్చుకొని తింది కోటేశ్వరి. బీరు మాత్రం స్టీలు గ్లాసులో పోయించి, "ఎవరన్నా చూసినా మజ్జిగనుకుంటార్లే అమ్మా" అంది కోటిరత్నం. మొదటి గుటకకి చేదు, రెండో గుటకకి వెచ్చదనం. మజ్జిగే తాగాలనుకుంటే ఇంట్లో కుండెడు ఉందిగా అనుకుంటూ సగం వదిలేసింది.

దొంగచాటు బీరు ఆవిడకి పనికిరాదు. ఆ సంగతి అక్కడ తేలింది.

మళ్లీ పూర్ణిమకే వెళ్లింది. సరాసరి మేడెక్కింది. ఆదాం చూసి గతుక్కుమన్నాడు.

"మళ్లీ మీరేనా అమ్మా? చెప్పాను గదా, ఫ్యామిలీకేనని."

"ఫ్యామిలీయే వచ్చిందయ్యా. నేనే. పురుగుమందుల శ్రీకృష్ణగారు తెలుసుగా? ఆయన నన్నే ఫ్యామిలీ అంటాడు. నమ్మకపోతే కిందికెళ్లి నీ ఇష్టమొచ్చినవాళ్లని అడుగు."

ఆదాం కళ్లు పెద్దవి చేశాడు. "సార్ ఫ్యామిలీయా! మీరు ఊళ్లో ఉండరు గదమ్మా? సార్ వచ్చినప్పుడల్లా 'ఫ్యామిలీ ఊరెళ్లింది, ఇయ్యాళ భోజనం ఇక్కడే' అంటుంటారు."

అన్నం గిన్నె మీద మూత పెట్టి, కూర రెండుసార్లు వెచ్చబెట్టి, గుమ్మంవైపు చూస్తూ కూర్చున్న శనివారాలు గుర్తొచ్చాయి కోటేశ్వరికి. ఆ రాత్రులన్నీ తను ఊళ్లోనే లేదన్నమాట. ఏడవాలా అని ఆలోచించేలోపే నవ్వొచ్చింది. పైకే నవ్వింది. ఆదాం కూడా ఎందుకైనా మంచిదని నవ్వాడు.

"వచ్చేశానుగా. ఆ కిటికీ పక్క బల్ల తుడువు. తెర వెయ్యకు. రొయ్యల వేపుడు, బీరు. బీరు గాజు గ్లాసులో తే."

తెచ్చాడు. గ్లాసు మీద చెమట పట్టి ఉంది. బంగారు రంగు, పైన నురుగు. కింద రోడ్డు మీద మిరపకాయ బస్తాల లారీలు యార్డువైపు పోతున్నాయి, కిటికీలోంచి ఘాటు కొడుతోంది. ఆవిడకి అమ్మ సుబ్బరావమ్మ గుర్తొచ్చింది. సారా వద్దని ఊళ్లో ఆడవాళ్లందరూ లేచిన రోజుల్లో, అమ్మ చీపురు పుచ్చుకొని సారా కొట్టు ముందు బైఠాయించింది. "వాడు తాగితే మన కంచంలో ఏం మిగుల్తదే?" అనేది. అమ్మ పోట్లాడింది కంచం కోసం. కోటేశ్వరి తన కంచంలోకి చూసుకుంది. నిండుగా ఉంది. ఎవరో తినగా మిగిలింది కాదు, ఎవరి కోసమూ దాచాల్సింది కాదు. ఇది చూస్తే అమ్మ తిడుతుంది, నిజమే. తిట్టి, ఓ రొయ్య నోట్లో వేసుకుంటుంది.

బీరు చల్లగా, కమ్మటి చేదుగా దిగింది. రొయ్య కొరికింది. అల్లం, మిరియం, వేగిన కరివేపాకు, చివర్న పిండిన నిమ్మకాయ. ఆవిడకి తెలియని దినుసు ఒక్కటీ లేదు. అన్నీ తను వేసేవే, అంతంతే వేసేవే. అయినా ఇది వేరే, ఇది అద్భుతం. ఎందుకా అని ఇంకోటి తిని, ఇంకోటి తిని, అప్పుడు పట్టుకుంది. ఇది వేడిగా ఉంది. మూకుట్లోంచి నేరుగా, కూర్చున్న మనిషి ముందుకు వచ్చింది. తను వండిందేదీ తనింతవరకూ వేడిగా తినలేదు. అందరూ తిన్నాక, గిన్నెలు సర్దాక, నిలబడి, చల్లారింది తింది. "వండినవాళ్లకి వాసనకే కడుపు నిండుద్దిలే" అనేది అత్తగారు. తన వంట రుచి ఎలాంటిదో తనకే తెలియనివ్వకుండా ఎంత చక్కగా ఏర్పాటు చేశారు! చేతిలో లోపం ఎప్పుడూ లేదు. లేనిదల్లా కుర్చీ.

తాపీగా తింది. గ్లాసు అడుగుదాకా తాగింది. ఆదాం "ఈసారి వచ్చేముందు ఫోన్ చెయ్యండమ్మా, ఈ బల్లే ఉంచుతా. ఏం పేరు రాసుకోమంటారు?" అన్నాడు.

"కోటేశ్వరి" అంది. చాలాకాలానికి ఆ పేరు తన నోటితో తనే చెప్పుకుంటే బీరుకంటే ఎక్కువ ఎక్కింది.

ఆదివారం డీలర్లు వచ్చారు. శ్రీకృష్ణ సీసాలు తెరిచి, అలవాటుగా లోపలికి కేక వేశాడు. కేక ఇంకా పూర్తికాకుండానే కోటేశ్వరి గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది. చేతిలో పళ్లెం లేదు, కుర్చీ ఉంది. యలమందయ్య పక్కన వేసుకొని కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీరు చెప్పింది నిజమేనండీ. పూర్ణిమలో రొయ్యలు చాలా బాగున్నాయి. బీరు కూడా అక్కడే చల్లగా ఇస్తున్నారు. బస్టాండు దగ్గర మాత్రం పొరపాటున కూడా తినకండి. కొరమీను పులుసైతే అమరావతి రోడ్డులో తోట. గ్లాసు మాత్రం గాజుది అడిగి పుచ్చుకోవాలి."

యలమందయ్య కుర్చీ ఇటు తిప్పుకొని, "తోటంటే ఎక్కడమ్మా, ఎడంచేతి వైపా?" అన్నాడు ఆసక్తిగా.

శ్రీకృష్ణ మొహంలో రంగులు మారాయి. పదిమందిలో అరవలేడు. పళ్లు బిగించి, గొంతు తగ్గించి, "ఏంటీ వేషాలు? లే. లోపలికెళ్లి స్టఫ్ సంగతి చూడు" అన్నాడు.

కోటేశ్వరి కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చుంది.

"ఎవరు చూస్తారండీ?" అంది. "ఫ్యామిలీ ఊరెళ్లింది."