దాటేసిన పదకొండో స్లైడు

నెల్లూరు నుంచి మా కాలేజీ తరఫున వెళ్లాను, చిట్టమూరు దాటాక పులికాట్ ఒడ్డున ఉన్న ఆ పల్లెకు. మోసపు మెయిళ్లను ఎలా గుర్తుపట్టాలో చెప్పడానికి పద్నాలుగు స్లైడ్లు తయారుచేసుకున్నాను. ఓటీపీ గురించి చెప్పాను, లింకుల గురించి చెప్పాను, బ్యాంకు పేరుతో వచ్చే నకిలీ మెయిల్ చూపించాను. పదకొండో స్లైడు లాటరీ. ఈ రోజుల్లో దాన్ని ఎవరు నమ్ముతారులే అని దాటేశాను. భోజనాల వేళ కూడా అయింది.

ముందు వరసలో కూర్చుని అన్నిటికీ తలూపినవాడు గంగులయ్య. పక్కనే ఆయన భార్య పెంచలమ్మ. మూడు వారాలకు ఆమె నాకు ఫోన్ చేసి ఒకసారి రమ్మంది.

వెళ్లగానే గంగులయ్య తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఏదో విదేశీ కంపెనీ తీసిన డ్రాలో ఆయన పేరు వచ్చిందట, డబ్బు బదిలీ కావాలంటే ముందు పన్ను కట్టాలట. ఆయన కట్టేశాడు. అందుకోసం ఈ ఏడాది సరస్సులో తన వంతుకొచ్చిన పాడును, అంటే రొయ్యలకు వల వేసుకునే చోటును, అదే ఊరి రమణయ్యకు ఇచ్చేసి సొమ్ము తీసుకున్నాడు.

మీరసలు టికెట్టే కొనలేదు కదా అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

"మా పాడుకి మాత్రం టికెట్ కొన్నానా అమ్మాయా? పెద్దలు చీట్లు తీస్తారు. పేరొచ్చినోడు ముందు గుడికి కట్టాల్సింది కట్టి, తర్వాత వల ఏస్తాడు. మా తాత కాడ్నించీ అంతే. చీటీలో పేరొస్తే నిజమా అని ఎవురూ అడగరు."



ఫిర్యాదు రాయించాను. డబ్బు కట్టి అప్పటికే పన్నెండు రోజులైంది, అది వెళ్లిన ఖాతా ఖాళీ. పెద్దల దగ్గరికి పరిగెత్తి పాడు వెనక్కి ఇప్పించమన్నాను. వాళ్లు కోప్పడలేదు, మజ్జిగ ఇచ్చారు. ఒకసారి ఇచ్చేసిన పాడు ఏడాది తిరిగేదాకా అడగకూడదన్నారు. రమణయ్య తల దించుకున్నాడు గానీ ఇస్తానని అనలేదు.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున రమణయ్య పడవ ఆ చోటికి బయల్దేరింది. గంగులయ్య అందులోనే కూలికి ఎక్కాడు. ఒడ్డున నిలబడి పెంచలమ్మ నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆ పొద్దు ఒక బొమ్మ గబగబా తిప్పేసినావే పాపా. దాంట్లో ఏముండింది?"