అటు చివర బావమరిది

వంతెన ఇటు చివర ఇతను ఎర్రపలక ఎత్తి పట్టుకుని, ముందాగిన లారీ డ్రైవరు ముఖంలోకి చూశాడు. డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వెందుకో అంతుపట్టక పలకను ఇంకాస్త పైకెత్తాడు.

చేతిలో వాకీటాకీ గరగరలాడింది.

"బావా, బస్సొకటి, వెనక రెండు కార్లు. ఆఖర్న నీలం లారీ. అది దాటాక నువ్వు వదులు."

మాట్లాడింది వంతెన అటు చివరనున్న బావమరిది. నది మీది పాత వంతెనకు బలం తగ్గిందని రాకపోకలకు ఒక్క వరసే ఉంచారు. అటువాళ్లు వస్తుంటే ఇటువాళ్లు ఆగాలి. పక్కనే కొత్త వంతెన దాదాపు పూర్తయింది. అది తెరిచాక పాతదాన్ని కూల్చేస్తారు, పలకలు పట్టేవాళ్లతో పనుండదు. ఇద్దరిలో ఒకరిని మాత్రం కొత్తదానికి కాపలాగా ఉంచుతారని మాట పుట్టింది. ఆనాటి నుంచి ఇతనికి కంటిమీద కునుకు లేదు.

అసలే తాడును చూసి పామనుకునే రకం. పాలు పలచగా ఉంటే నీళ్లంటాడు, చిక్కగా ఉంటే పిండంటాడు. పెళ్లయిన కొత్తలో భార్య నిద్రలో నవ్విందని లేపి, ఎందుకు నవ్వావో చెప్పమని కూర్చున్నాడు. కొత్త వంతెననూ నమ్మలేదు. అంత సన్నటి కాళ్ల మీద అంత బరువా?

ఈ పొద్దున బావమరిది ఇంటికొచ్చాడు. వంటింట్లో అక్కాతమ్ముళ్లు ఏవో గుసగుసలాడుకుంటూ, ఇతను గుమ్మంలోకి రాగానే నోళ్లు మూసుకున్నారు. ఇప్పుడేమో అటు చివర సూపర్‌వైజరు పసుపు హెల్మెట్ కనబడుతోంది. బావమరిది కుర్చీలోంచి లేవనైనా లేవకుండా ఆయనతో మాట్లాడుతున్నాడు.

"అంత చనువా!" అనుకున్నాడు.

నీలం లారీ దాటింది. వంతెన అతుకుల మీది ఇనప పట్టీలు దడదడమన్నాయి. చేయి ఆనించిన రెయిలింగు ఆ చివరిదాకా వణికింది.

మధ్యాహ్నం ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఆయనతో ఏంట్రా అంతసేపు?"

"ఏం లేదు బావా. సాయంత్రం ఇంటికొచ్చి చెప్తాగా."

"ఇప్పుడే చెప్పు. నా నోటికాడి కూడు లాక్కుని నువ్వు బాగుపడు. మీ అక్క కూడా నీ వైపేగా!"

వాకీటాకీ గరగరలాడింది.

"రెండు కార్లు, పాల వ్యాను," అన్నాడు బావమరిది. "వ్యాను దాటాక వదులు బావా."

గొంతు బాగా నీరసంగా ఉంది. అదీ నటనే అనుకున్నాడు.

వ్యాను దాటగానే ఇటువాళ్లను వదిలాడు. "ఆఖర్న ఇసుక ట్రాక్టరు. అది రాగానే నీవాళ్లను పంపు."

జవాబు లేదు. ట్రాక్టరు అటు చేరింది. అటు నుంచి ఒక్క బండీ కదల్లేదు.

"అలిగాడు దొంగ వెధవ! సూపర్‌వైజరు ముందు నన్ను బద్నాం చేద్దామని."

హారన్లు మోగుతున్నాయి. పలకను పక్కనున్న ఇసుక డ్రమ్ములో గుచ్చి, నిలదీద్దామని విసవిసా నడిచాడు.

వెళ్లేసరికి డ్రైవరొకడు కుర్చీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. బావమరిది తల ఛాతీ మీదికి వాలి ఉంది. ఇతను భుజం పట్టి కుదిపాడు.

"లేరా, చూశాంలే నీ వేషాలు."

తల పక్కకు ఒరిగింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తీసి, మళ్లీ పెట్టి చూశాడు.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గుండెలో నొప్పిగా ఉంటోంది, రేపట్నుంచి రాలేను, ఆ కాపలా మా బావకివ్వండి అని పొద్దున్నే అడిగాడయ్యా. సాయంత్రం వాళ్లక్కతో ఆస్పత్రికి వెళ్తానన్నాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు."

"ఎందుకు?"

"చెబితే, ఇందులో ఏం మెలిక ఉందోనని నిద్ర మానుకుంటాడన్నాడు."

ఆ మాటను కూడా ఇతని మనసు అలవాటుగా అటూ ఇటూ తిప్పి చూసింది. అనుమానానికి ఎక్కడా పట్టు దొరకలేదు.

భార్యకు ఫోను చేసి, ఎలాగో చెప్పాడు. ఆమె అడిగింది.

"మీరేమన్నారు వాణ్ణి?"

ఇతను ఫోను చెవి దగ్గర్నుంచి దించి జేబులో పెట్టుకున్నాడు.

అంబులెన్సు వచ్చింది. బావమరిది కాళ్ల దగ్గర ఒదిగి కూర్చుని ఇతనూ వెళ్లిపోయాడు. సూపర్‌వైజరు ఆగిన బండ్లను ఒక్కొక్కటే వదిలాడు.

కుర్చీ వెనక, రెయిలింగుకు నీడపట్టున, బావమరిది తడిగుడ్డ చుట్టి పెట్టుకున్న నీళ్లసీసా వేలాడుతోంది. గుడ్డ కొస నుంచి ఒక్కో చుక్కా పాత వంతెన మీద పడుతోంది.