పది రోజుల చీటీ

నేను ఒక మందుల చీటీని. నా ఆయుష్షు పది రోజులే. ఆరేళ్లు బతికించారు.

కాకినాడలో ఒక చర్మవైద్యుడు నన్ను రాసి, తునిలో గాజుల కొట్టు నడిపే వరహాలమ్మకు ఇచ్చాడు. ఆవిడ మోచేతుల నుంచి మణికట్ల దాకా సొరియాసిస్ పొలుసులు. అది అంటుకునే జబ్బు కాదని ఎంత చెప్పినా, గాజుల కోసం చాచిన చేతులు ఆవిణ్ణి చూడగానే కొంగు చాటుకు పోయేవి. డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాసి, కింద "పది రోజులే. తర్వాత వచ్చి చూపించుకోవాలి" అని తెలుగులో రాశాడు. నోటితోనూ చెప్పాడు.

పది రోజుల్లో చర్మం నున్నబడింది. చేతులు మళ్లీ బారులు తీరాయి. ఇక కాకినాడ ఎందుకు? "చీటీ నలిగిపోతందండీ" అని మందుల షాపు సూర్రావు సలహా ఇస్తే, ఆవిడ నన్ను లామినేషన్ చేయించింది. పది రోజుల మాట ప్లాస్టిక్ కింద మరింత నిగనిగలాడింది. సూర్రావు నెలనెలా పై వరుస చదివి మాత్రలిచ్చేవాడు. కింది వరుస దగ్గరకు వచ్చేసరికి కళ్లజోడు నుదుటి మీదికి తోసేవాడు. నోరుంటే అరిచేదాన్ని.

మొన్న గడప తట్టుకుని నేలకు చెయ్యి ఆనించిందంతే, మణికట్టు పుటుక్కుమంది. ఎముకల డాక్టరు నన్ను చదివి తల పట్టుకున్నాడు.

"ఇన్నేళ్లు వాడితే ఎముకలు గుల్లయిపోవామ్మా? అలాగని ఒక్కసారిగా మానకూడదు, మెల్లగా తగ్గిద్దాం" అని కొత్త చీటీ రాశాడు.

"ఈ చేత్తో మళ్లీ గాజులు తొడగ్గలనా బాబూ?"

"చూద్దాం" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

పక్కింటి లచ్చికాంతం పరామర్శకు వచ్చింది. కట్టు చూసి కళ్లు తుడుచుకుని, అదే ఊపులో అడిగింది.

"మా అమ్మాయికి మోచేతుల మీద పొలుసులు లేత్తన్నాయి పిన్నీ. నీ చీటీ ఓసారి ఇత్తావా?"

వరహాలమ్మ నన్ను ఎడమచేత్తో పట్టుకుని పంటితో చింపబోయింది. ప్లాస్టిక్ లొంగలేదు. ఆవిడ ఎముక నాలో సగం గట్టిగా ఉన్నా బాగుండేది.

"ముందు ఆ కిందది చదవవే" అంది.

లచ్చికాంతం కూడబలుక్కుని చదివింది. ఆ ఇంట్లో నన్ను చివరిదాకా చదవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు కత్తెర తే. నా చెయ్యి ఆడదు, నువ్వే కోసెయ్యి."

ప్రస్తుతం పగిలిన గాజుల డబ్బాలో నాలుగు ముక్కలుగా ఉన్నాను. నా పది రోజులు పూర్తయ్యాయి. ఆవిడ కట్టు విప్పడానికి ఇంకా నెల ఉంది.