కట్టు కింది చెవి

గాలి సగమే వినిపిస్తోంది.

కుడి చెవిలో గాలి ఉంది. సముద్రపు పక్షుల కేకలున్నాయి. ఇంటి వెనక కర్ర పందిళ్ల మీద ఎండుతున్న చేపలు ఒకదానికొకటి తగిలి చేసే టకటక ఉంది.

ఎడమ చెవికి కట్టు ఉంది. కట్టు కింద గుండె కొట్టుకుంటోంది.

గుండె ఉండాల్సిన చోటు కాదది.

అర్న్‌లోట్ కిటికీ పక్కన కూర్చున్నాడు. నిన్ననే పట్నం ఆసుపత్రి నుంచి పడవలో ఇంటికి వచ్చాడు. ఏళ్ల తరబడి చీము కారుతున్న చెవి. వెనక నుంచి కోసి, ఎముక తొలిచి, శుభ్రం చేసి పంపారు.

ఏప్రిల్ ఎండ బల్ల మీద పడి ఉంది. నొప్పి వస్తోంది… పోతోంది… పోయినట్టే పోయి మళ్లీ వస్తోంది.

ఉత్తర నార్వేలోని ఆ దీవిలో ఎవరినైనా ఎలా ఉన్నావని అడగండి. పర్లేదు అంటారు. పడవ మునిగినా పర్లేదు. పెళ్లయినా పర్లేదు. చచ్చిపోయినవాళ్లని అడిగే వీలు లేదు గానీ, వాళ్లూ అదే అంటారు.

ఇదివరకు మందులతో ఇబ్బంది ఏమైనా వచ్చిందా అని ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ అడిగింది.

పర్లేదు, అన్నాడు అర్న్‌లోట్.

అది అబద్ధం.

పడవ మీద జారిపడి నడుము దెబ్బతిన్న ఏడాది అతనికి బాగా మత్తిచ్చే నొప్పి మాత్రలు ఇచ్చారు. అవి ముందు నొప్పిని తీసుకుపోయాయి. తర్వాత నిద్రని. తర్వాత పడవని. చివరికి భార్య గున్‌వోర్‌ని — సామాను సర్దుకుని చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. అతను నానా అవస్థా పడి మానేశాక తిరిగి వచ్చింది. ఎందుకు వెళ్లిందో, ఎందుకు వచ్చిందో ఇద్దరూ మాట్లాడుకోలేదు. దీవిలో అలాంటివి మాట్లాడుకోరు. కాఫీ పోసుకుని వాతావరణం గురించి మాట్లాడుకుంటారు.

డాక్టరమ్మకి చెప్పిన ఆ అబద్ధం వల్లే, ఇంటికి పంపేటప్పుడు నర్సు అలాంటి మాత్రలే ఉన్న చిన్న కవరు చేతిలో పెడితే వద్దనలేకపోయాడు.

“మామూలు మాత్రలు వేళకి వేసుకోండి. చాలామందికి అవే సరిపోతాయి. అప్పటికీ ఆగకపోతేనే ఇవి,” అంది ఆమె.

కవరు కోటు జేబులో ఉంది. కోటు గుమ్మం పక్కన వేలాడుతోంది.

భయం కొద్దీ అతను మామూలు మాత్రలు కూడా ముట్టలేదు. మాత్రంటే మాత్రే అనుకున్నాడు. మొండిగా పళ్లు బిగించాడు. నొప్పి ముదిరింది.

కోటు ఉన్నచోటే ఉంది. అయినా దగ్గరికి వస్తోంది.

గున్‌వోర్ చెల్లెలు బోర్గిల్డ్ తలుపు కొట్టకుండానే వచ్చింది, ఆపిల్ కేకుతో.

“ఏంటి బావా, ముఖం అలా వేలాడేశావ్? నాకూ చేశారుగా చెవికి. మర్నాడే వలలు సర్దాను. ఒక్క మాత్ర మింగితే ఒట్టు. నీకన్నా ఆ చేపలే నయం, తల కోసినా కిక్కురుమనవు.”

ఆమెకి చెవి రంధ్రంలోంచే కర్ణభేరి పొరకి అతుకు వేశారు. పెద్ద కోత లేదు. ఎముక జోలికి పోలేదు. కాస్త సలుపు, అంతే. ఇతనికి తొలిచింది ఎముకని. ఎముక తొలిస్తే నొప్పి ఎక్కువుంటుందని నర్సు చెప్పే పంపింది. కానీ దీవి లెక్కలో చెవంటే చెవే.

“పర్లేదు,” అన్నాడు అర్న్‌లోట్.

బోర్గిల్డ్ వెళ్లిపోయింది. గున్‌వోర్ అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది.

అతను లేచాడు. గుమ్మం దాకా నడిచాడు. జేబులో చెయ్యి పెట్టాడు.

కవరు గరగరమంది.

కావాలనిపించింది. చాలా కావాలనిపించింది. చెవి కోసమే కాదు — ఆ మెత్తని మరుపు కోసం కూడా.

పక్క కొక్కేనికి గున్‌వోర్ కోటు ఉంది. మోచేతుల దగ్గర వెలిసిపోయిన నీలం కోటు. ఒక చలికాలమంతా ఆ కొక్కెం ఖాళీగా ఉంది. రోజూ దాన్ని చూస్తూనే తిరిగాడు.

కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

గున్‌వోర్ చూసింది. చేతులు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

“తెరిచావా?”

“లేదు.”

“తెరుస్తావా?”

“ఏమో… నువ్వు దాచిపెట్టు.”

“అప్పుడు దాచాను కదా. పిండి డబ్బాలో దాచినా వెతికి తీశావు. నాకు చేతకాలేదు.” ఆమె గొంతు హెచ్చలేదు. “మళ్లీ సామాను సర్దుకునే ఓపిక కూడా లేదు నాకు. ఆ నర్సుకి ఫోన్ చెయ్. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

మామూలు మాత్రలు రెండు తీసి, నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది. అతను మింగాడు. మింగుతుంటే దవడ కదిలి చెవి కలుక్కుమంది.

ఫోన్ కుడి చెవికి ఆనించాడు. మోగింది… మోగింది… నర్సు ఎత్తాక తన పేరు చెప్పాడు.

“చెప్పండి అర్న్‌లోట్ గారూ. ఎలా ఉన్నారు?”

నాలుక తనంతట తనే తయారైపోయింది. పుట్టినప్పటి నుంచీ దానికి వచ్చింది ఆ ఒక్క మాటే.

అతను దాన్ని ఆపాడు.

“నొప్పిగా ఉంది.”

కట్టు కింద, మూసుకుపోయిన చెవిలో తన గొంతు పెద్దగా మోగింది. గాలి కన్నా, గుండె కన్నా పెద్దగా. ఇంత దగ్గర నుంచి అతను తనని తాను ఎన్నడూ వినలేదు.

“ఇంకో సంగతి కూడా ఉంది…” అన్నాడు. “మీకు ముందే చెప్పాల్సింది.”

గున్‌వోర్ కుర్చీ లాక్కుని, వినిపించే చెవి వైపు వచ్చి కూర్చుంది.