అంగుళాల బండి

అబ్దుల్ ఖుద్దూస్ ముప్పై ఏళ్ల వయసు వచ్చేదాకా మోటారుసైకిలు నడిపింది లేదు. రాయచోటిలో ఉన్నన్నాళ్లూ అద్దె సైకిలు, కువైట్‌లోని అబూ హలీఫాకు వచ్చాక రెండు కాళ్లు. తొక్కడమంటే అతనికి తెలిసింది కుట్టుమిషను తొక్కడమే. అలాంటివాడు, ఇరాక్ సైన్యం కువైట్ మీద పడిన నాలుగో వారంలో, దారిపొడుగునా తుపాకులు దాటుకుని ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల కువైట్ సిటీలో ఉన్న బ్నీద్ అల్ గార్‌కు పోయి కాలు విరిగిన అక్కను తెస్తానన్నాడు. విన్నవాళ్లు పాపం ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

ఆ అక్క పేరు నూర్ బీ. ఖుద్దూస్‌కు ఆరేళ్లప్పుడు తల్లి పోతే, పదిహేనేళ్ల నూర్ బీయే అతనికి తల్లయింది. కువైట్‌లో ఇంటిపనికి ముందు వచ్చిందీ ఆమే, తమ్ముడికి వీసా సంపాదించిందీ ఆమే. ఆమె పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమె పిల్లలు ఎండాకాలానికి లండన్ పోయి అక్కడే చిక్కుకుపోయారు. అంత ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి గ్యాసు సిలిండరు మోసుకుంటూ మెట్ల మీద జారింది. ఆదివారం పొద్దున తమ్ముడు పనిచేసే దర్జీ కొట్టుకు ఫోన్ చేసి, మోకాలి కింద ఎముక విరిగిందని, అడుగు కింద పెట్టలేనని చెప్పింది. ఏడవలేదు. అదే ఖుద్దూస్‌ను ఎక్కువ భయపెట్టింది.

అదే రోజు అబూ హలీఫాలోని మనవాళ్లంతా కలిసి ఊరికి పోయే విమానం అందుకోవడానికి జోర్డానుకు ఒక బస్సు మాట్లాడుకున్నారు. శుక్రవారం పొద్దున నమాజు కాగానే బయలుదేరుతుంది. జాబితాలో ఖుద్దూస్ పేరు, నూర్ బీ పేరు పక్కపక్కనే ఉన్నాయి. కానీ సిటీలోకి బస్సు తిప్పనని డ్రైవరు తెగేసి చెప్పాడు. పేరు వచ్చి సీట్లో కూర్చోదు, మనిషి రావాలి అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. సిటీలోకి పోయిన బండ్లు చాలా వరకు తిరిగి రాలేదు.

టాక్సీలు లేవు. కార్లున్నవాళ్లకు కార్లు లేకుండా పోయాయి, సిపాయిలు తోలుకుపోయారు. నడిచిపోవడానికి ఖుద్దూస్ సిద్ధమే, కానీ తిరుగు ప్రయాణంలో అక్కను ఎత్తుకుని నడవలేడు కదా. అందుకే దర్జీ కొట్టు వెనకున్న షెడ్డుకు పోయాడు. అక్కడ జపాను కార్లు బాగుచేసే పెంచల్ ఉన్నాడు. రాజంపేట పక్క మనిషి, పదేళ్లుగా ఇక్కడే మెకానిక్కు.

షెడ్డు ఊడ్చిపెట్టినట్టుంది. అయిదు కార్లు, జాకీలు, పెద్ద పానాల పెట్టె అన్నీ పోయాయి. మూలన టార్పాలిను కింద మిగిలింది ఒక్కటే, పెంచల్ యజమాని తండ్రి ఎప్పుడో అహ్మదీలో ఒక ఇంగ్లీషు దొర దగ్గర కొన్న పాత మోటారుసైకిలు. పక్కన తొట్టెలాంటి సైడుకారు. సిపాయిలు దాన్నీ చూశారట, నవ్వుకుని టార్పాలిను మళ్లీ కప్పేశారట. వీసా ఇచ్చిన ఆ యజమాని, అంటే కఫీల్, సౌదీకి పారిపోతూ, పనికొచ్చేది ఏదుంటే అది వాడుకో అని పెంచల్‌కు చెప్పి పోయాడు. ఈ బండిని దృష్టిలో పెట్టుకుని చెప్పి ఉండడు.

సైడుకారును చూసిన క్షణమే ఖుద్దూస్ తన అక్కను అందులో కూర్చోబెట్టేశాడు, మనసులో. ఇక అతన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. పదిహేనేళ్లుగా కదలని బండి అని పెంచల్ మొత్తుకున్నాడు. నాలుగు రోజులున్నాయి కదా అన్నాడు ఖుద్దూస్.

సోమవారమంతా పానాలతోనే సరిపోయింది. పెంచల్ దగ్గర మిగిలిన పదమూడు నంబరు పానా నట్టు మీదికి ఎక్కదు, పద్నాలుగు వేస్తే జారుతుంది. మూడు నట్ల మూలలు అరిగి గుండ్రంగా తయారయ్యాయి. బండి సీటు కింద గోనెగుడ్డలో చుట్టిన ఇంగ్లీషు పానాలు దొరికాయి గానీ, వాటి మీద అంగుళాల లెక్క. పెంచల్ ఖుద్దూస్ మెడలోని టేపు లాక్కుని నట్టు తల కొలిచాడు. అరంగుళం చిల్లర వచ్చింది. అర అని రాసున్న పానా తీసి పెడితే, దాని నోట్లో ఇలాంటి నట్లు రెండు పట్టేంత ఖాళీ. ఇవి ఈ బండివి కావని గోనెగుడ్డతో సహా మూలకు విసిరేశాడు.

ఖుద్దూస్ పోయి వాటిని ఏరుకొచ్చాడు. బండి గురించి అతనికి ఓనమాలు రావు, కానీ అంగుళాలు అతని అన్నం. రాయచోటిలో గురువు చేతి స్కేలు దెబ్బలతో నేర్చుకున్నవి. ఊడి వచ్చిన ఒక బోల్టు తీసి తల వదిలేసి ఒళ్లు కొలిచాడు. సరిగ్గా పావంగుళం. పావు అని రాసున్న పానా తెచ్చి నట్టుకు పెట్టాడు. కొలతిచ్చి కుట్టించినట్టు పట్టుకుంది.

ఎట్ల తెలిసింది అని పెంచల్ అడిగాడు.

"కాలరు పదహారు చొక్కా అంటే ఛాతీ పదహారంగుళాలుంటాదా పెంచలూ? పేరు మెడది, చొక్కా ఒళ్లంతటిది. ఈ పానా గూడా అంతే. పేరు బోల్టుది, నోరు నట్టుది."

పదేళ్ల అనుభవమున్న మెకానిక్కుకు దర్జీ పాఠం చెప్పడం కొంచెం గుచ్చుకునే సంగతే. అయినా పెంచల్ మనిషి మంచివాడు, గుచ్చుకున్నది పక్కనపెట్టి పనిలో పడ్డాడు. సాయంత్రానికి ఇంజను విప్పి, కడిగి, కూర్చాడు. ఇక ఈ బండిలో అన్నీ అంగుళాలేనని ఎంత గట్టిగా నమ్మేశాడంటే, మంగళవారం పాత ప్లగ్గు విరిగిపోతే జపాను ప్లగ్గు పెట్టి చూడను కూడా చూడనన్నాడు. ఖుద్దూస్ ఊరికే తిప్పి చూశాడు. చక్కగా కూర్చుంది. నట్లన్నీ అంగుళాల్లో పెట్టుకున్న దొర ప్లగ్గు మాత్రం మిల్లీమీటర్లలో పెట్టుకున్నాడు. వాడి తిక్క వాడిది. ట్యూబులకు ప్యాచీలు వేసి, పెట్రోలు పోసి, ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో కిక్కు కొట్టాక బండి దగ్గి, ఉమ్మి, మోగింది. ఖుద్దూస్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. పొగవల్ల అని చెప్పుకున్నాడు.

బరువు కోసం ఖుద్దూస్‌ను సైడుకారులో కూర్చోబెట్టి పెంచల్ బండిని సందులోకి తీశాడు. రెండు తప్పులు ఒకేసారి బయటపడ్డాయి. మొదటిది గేరు. జపాను బండ్లకు గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి ఉంటాయి. ఈ దొరగారిది తిరకాసు. పెంచల్ గేరు మార్చబోయి బ్రేకు తొక్కాడు, బండి ఎగిరి ఆగింది. రెండోది బోల్టు. సైడుకారును బండికి పట్టి ఉంచే పెద్ద బోల్టు ఒకటి తుప్పు పట్టి విరిగితే, పెంచల్ ఎప్పుడో ఒక కారు నుంచి తీసి ఉంచిన పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు వేశాడు. చేత్తో తిప్పితేనే సాఫీగా లోపలికి పోయింది కదా అని సంబరపడ్డాడు. బండి ఆ కుదుపుకు అది మరలు తెంచుకుని బయటికొచ్చింది. సైడుకారు పక్కకు ఒరిగింది, ఖుద్దూస్ ఇసకలో దొర్లాడు.

మోచేయి గీరుకుపోయింది. దాన్ని పట్టించుకోకుండా ఖుద్దూస్ కూర్చుని రెండు బోల్టులనూ టేపు మీద పెట్టి మరలు లెక్కపెట్టాడు. విరిగిన దొర బోల్టుకు అంగుళానికి ఇరవై. కారు బోల్టుకూ దాదాపు ఇరవయ్యే. అందుకే అది అబద్ధమాడకుండానే మోసం చేసింది. మరలు కలిశాయి, లావు చాలలేదు. మరల అంచులు మాత్రమే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. లోపల కుట్టుకు బట్ట వదలకుండా అంచు మీదే కుట్టేసిన చొక్కా ఇలాగే పిగులుతుంది. ఈ సంగతి అతను పెంచల్‌కు చెప్పలేదు. పెంచల్ అప్పటికే తల పట్టుకుని కూర్చున్నాడు.

"అక్క కూచున్యప్పుడు ఊడింటే ఏమయ్యేదన్నా?" అన్నాడు పెంచల్.

"ఇప్పుడు ఊడింది గదా, మంచిదే. లెయ్, రేపటికి వేరే దారి చూద్దాం."

బుధవారం ఆ దారి దొరికింది. రంధ్రంలోని మరలను నమ్ముకోవడం మానేశారు. కారు బోల్టునే ఇటునుంచి అటు పోనిచ్చి, అవతల దాని సొంత నట్టే బిగించారు. రంధ్రం అంగుళాలది, బోల్టు మిల్లీమీటర్లది. మధ్యలో మిగిలిన సందుకు ఖుద్దూస్ పాలపొడి డబ్బా రేకును తన పెద్ద కత్తెరతో కత్తిరించి గొట్టంలా చుట్టాడు. మొదటిది లావైంది, రెండోది పలచనైంది, మూడోది సరిపోయింది. ఆ రేకుతో కత్తెర పదును పోయింది. పదిహేనేళ్ల కత్తెర అది, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నడిపేదెవరన్నది మిగిలింది. తానే పోతానని పెంచల్ పట్టుబట్టాడు గానీ అతని కాళ్లు అతని మాట వినవు, తొందరలో ఎడమకే పోతాయి. ఖుద్దూస్ కాళ్లకు అలాంటి పాత అలవాటేదీ లేదు. కుడి గేరు అంటే కుడి గేరే. సాయంత్రానికి సముద్రం పక్క ఖాళీ రోడ్డు మీద కుదుపులు లేకుండా నడపగలిగాడు. ఏమీ రాకపోవడం కూడా ఒక్కోసారి అదృష్టమేనని పెంచల్ ఒప్పుకున్నాడు.

గురువారం తెల్లవారాక కర్ఫ్యూ ఎత్తేయగానే బయలుదేరాడు. మొదటి రెండు చెక్‌పోస్టుల్లో ఇఖామా, అదే కువైట్‌లో ఉండే అనుమతి కార్డు, చూసి, బండిని చూసి నవ్వి వదిలేశారు. మూడో దగ్గర ఒక కుర్ర సిపాయికి బండి మీద మనసు పడింది. దిగమన్నాడు. ఖుద్దూస్ దిగాడు. అతని నోరు ఒకటే మాట చెప్తూ ఉంది, నా అక్కకు కాలు విరిగింది సార్, నా అక్కకు కాలు విరిగింది. సిపాయి ఎక్కి, గేరు అనుకుని బ్రేకు తొక్కాడు. బండి ఆగిపోయింది. కిక్కు కొట్టాడు, అది ఎదురు తన్నింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ తన్నింది. తోటివాళ్లు పగలబడి నవ్వారు. వాడు పిక్క పట్టుకుని కుంటుతూ దిగి, ఈ గాడిద నీకే ఉండనీ, యల్లా, పో అన్నాడు. ఖుద్దూస్ ఒక్క కిక్కుకే లేపి కదిలాడు.

నూర్ బీ వాకిలి దగ్గర గోడకానుకుని కూర్చుని ఉంది. కాలికి రెండు చెక్క స్కేళ్లు పెట్టి చున్నీ పేలికలతో కట్టి ఉంది. తమ్ముణ్ని చూసి, ఎంత చిక్కిపోయినావురా అంది. నాలుగు రోజులుగా ఎవరు చూసుకున్నారని అడిగితే గోడ అవతలికి చూపించింది. పక్కింటి పనిమనిషి గంగాదేవి, రైల్వే కోడూరు దగ్గరిది. ఆమె యజమానులు కారెక్కి సౌదీకి పోతూ ఇల్లు చూసుకొమ్మని చెప్పి పోయారు. కట్టు కట్టిందీ, గోడ మీంచి రొట్టె అందించిందీ, రాత్రుళ్లు వచ్చి పడుకుందీ ఆమే.

గంగాదేవి కూడా సాయం పట్టి నూర్ బీని సైడుకారులో కూర్చోబెట్టింది. చాచిన కాలు ముందు దాకా వచ్చి, లోపల గుప్పెడంత చోటు కూడా మిగల్లేదు. బండికి వెనక సీటు లేదు, ఒట్టి మడ్‌గార్డు రేకే. ఆ రేకు వైపు, సైడుకారు వైపు గంగాదేవి చూసింది.

"నాకు యాడన్నా చోటుంటాదా అన్నా?" అని మెల్లగా అడిగింది.

పాలపొడి రేకు మీద నిలబడ్డ బోల్టు అది. ఇంకో మనిషి బరువు వేస్తే అక్కను దారిలో పోగొట్టుకుంటాడు. లేదమ్మా అన్నాడు. ఆమె తల ఊపి గేటు తీసింది. ఖుద్దూస్ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పోలేనని అతనికి తెలుసు. దారంతా ఆ సిగ్గు అతని వీపు మీదే కూర్చుని వచ్చింది. వెనక సీటు లేకపోయినా దానికి మాత్రం చోటు దొరికింది.

ఆడమనిషి, విరిగిన కాలు కనిపించేసరికి చెక్‌పోస్టుల్లో ఎవరూ ఆపలేదు. మధ్యాహ్నానికి అబూ హలీఫాలో ఉన్నారు. పెంచల్ బోల్టు తడిమి చూశాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

శుక్రవారం పొద్దున బస్సు కిక్కిరిసి ఉంది. నూర్ బీని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మోకాలు వంచబోతే ఆమె కేక బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. మూడు పగళ్లు, మూడు రాత్రుళ్ల ప్రయాణం. సీట్ల మధ్య దారిలో నిలబడేవాళ్లకు కూడా చోటు లేదు. ఖుద్దూస్ తన సీటు మీద దుప్పటి మడిచి వేసి, ఆమె కాలును రెండు చేతులతో ఎత్తి దాని మీద పెట్టాడు. ఆమె ముఖం తేలికపడింది. తర్వాత సంగతి అర్థమై అతని చేయి పట్టుకుంది.

"నువ్వు యాడ కూచుంటావ్రా? నిన్నిడిసి నేను పోను."

"మంగళవారం ఇంకో బస్సుందక్కా. నీ కాలికి సీటు కావల్ల. నాకు బండుంది."

నూర్ బీ అతని ముఖంలోకి చూసింది. వాడి మనసు ఎక్కడుందో పెంచినదానికి తెలియదా. చేయి వదిలి, గంగకు నీళ్ల సీసా తీసుకుపో, ఆ ఇంట్లో మంచినీళ్లు అయిపోయినాయి అంది. బస్సు ఎక్కబోతున్న పెంచల్ ఒక కాలు మెట్టు మీద పెట్టి, బోల్టు రోజూ బిగించుకోమని, పావు పానా కాదు, దానికి పందొమ్మిది నంబరుదని మూడుసార్లు చెప్పాడు.

బస్సు మలుపు తిరిగేదాకా ఖుద్దూస్ నిలబడ్డాడు. అప్పుడు మాత్రం కొంచెం ఏడ్చాడు, పొగ కూడా లేదు. తర్వాత రెండు సీసాల నీళ్లు సైడుకారులో పెట్టి, పందొమ్మిది పానాతో బోల్టు బిగించి, బ్నీద్ అల్ గార్ వైపు బండి తిప్పాడు. మంగళవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. గంగాదేవి లాంటివాళ్లు ఆ వీధిలో ఇంకెంతమంది ఉన్నారో ముందు కనుక్కోవాలి.