ఎడమచేతి అంచు

“ఇంట్ల కుర్చీలు కమ్ పడ్డయా, కచరా తెచ్చి కుర్చీ చేస్తున్నరు?” అన్నాడు నిసార్ అహ్మద్, బూట్లు తొడుక్కుంటూ. అన్నది భార్య సఫూరాతోనే. చూసింది మాత్రం వరండా కడుగుతున్న గౌరవ్వ వైపు. ఒక్క మాట ఇద్దరికీ తగిలేటట్టు అనడం ఆయనకు అలవాటు. సఫూరా కారు తాళాలు అందించింది. కారు గేటు దాటి పోయాక, “పోయిండు. ఇగ రా గౌరవ్వా, మన పని మనం చూద్దాం,” అంది. గౌరవ్వ చీపురు గోడకు ఆనించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

అది తొంభై నాలుగో సంవత్సరం. ఇల్లు మస్కట్‌లోని ఘుబ్రాలో. సఫూరాది హైదరాబాదు. ఘుబ్రాలోనే ఒక బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్తుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి అందరికీ వడ్డించి, అందరూ పడుకున్నాక వరండాలోకి వస్తుంది. ఊరు పారేసినవన్నీ ఆ వరండాకు చేరేవి. నూనె డబ్బాలు దీపాలయ్యాయి, పడవవాళ్లు పారేసిన వల పరదా అయింది. చూస్తే బొమ్మలా ఉండాలి, వాడితే పనికి రావాలి, మట్టి నుంచి కొత్తగా ఏదీ తవ్వి తీయకూడదు, అదీ ఆమె పట్టు. హాల్లో వేలాడే దీపం ఆమె చేసిందే. చుట్టాలొస్తే నిసార్ అహ్మద్ దాన్ని మత్రా సూక్‌లో, ఆ పాత బజార్లో, కొన్నానని చెప్తాడు. చాయ్ కప్పులు మోస్తూ గౌరవ్వ ఆ మాట విన్నది. సఫూరా కూడా విన్నది. బిస్కెట్ల పళ్లెం చుట్టాల ముందుకు జరిపింది. అంతే.

గౌరవ్వ ఇంటి పని వీసా మీద వచ్చింది. మొగుడు ఇస్తారి ఒమన్‌లోనే ఉన్నాడు, సహం అనే ఊర్లో, ఇళ్లు కట్టే కంపెనీలో. శుక్రవారం వీలు చిక్కితే బండి పట్టుకుని వచ్చి చూసి పోతాడు. బిడ్డ కవిత ఊర్లో అత్త శాంతవ్వ దగ్గర పెరుగుతోంది. ఒకరోజు బట్టల బుట్ట పక్క చిరిగితే, టైల్స్ పెట్టెకు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ పట్టీ తీసుకుని గౌరవ్వ అల్లేసింది. సఫూరా ఆ బుట్టను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“అరె, ఇది ఎవరు సిఖాయించిండ్రు నీకు?”

“సిఖాయించుడేంది ఆపా. మాది మేదరోళ్ల ఇల్లు. వెదురు దొరకక గాని, దొరికితే ఈ పట్టీ ఎవనికి గావాలె.”

అక్కడ మొదలైంది ఈ కుర్చీ. తోటలవాళ్లు నరికి కాలబెట్టే ఖర్జూరపు మట్టల్ని సఫూరా తెప్పించి, నానబెట్టి, వంచి, మేకు లేకుండా కట్టు కట్టి చట్రం నిలబెట్టింది. పట్టీలు ఇస్తారి తెచ్చాడు. సైట్‌లో టైల్స్ పెట్టెలు విప్పినప్పుడల్లా గుట్టగా పడతాయి, తగలబెడితే ఊరంతా గబ్బు వాసన. పసుపువి, నీలివి, మూటగట్టి నెత్తిన పెట్టుకొచ్చాడు. “మా కంపెనీ చెత్తకు గిరాకి దొరికింది,” అని నవ్వాడు.

అంతకుముందు, చట్రం ఎంత వెడల్పు ఉండాలో తేలనప్పుడు సఫూరా, “నువ్వు కూసో. నీ నాప్ తీస్తా,” అంది. గౌరవ్వ చటుక్కున వెనక్కి జరిగింది. “నేనెందుకు ఆపా? మీరు కూసోండ్రి.” “నేను రోజూ కుర్చీలనే కూసుంట. కూసోనోళ్ల కోసం గదా చేసేది. బైఠ్.” గౌరవ్వ కూర్చుంది. ఆ ఇంట్లో నేల మీద కాకుండా కూర్చోవడం అదే మొదలు. సఫూరా దారం పట్టుకుని ఆమె నడుము చుట్టూ, వీపు ఎత్తు, మోకాలి కింద కొలుచుకుంటూ తిరిగింది. గౌరవ్వకు సిగ్గేసింది. పెళ్లికి రవిక కుట్టినవాడు తప్ప తన కొలత ఎవరూ తీసుకోలేదు. ఎంత పని చేస్తుందో చూసినవాళ్లున్నారు గానీ, ఎంత చోటు కావాలో అడిగినవాళ్లు లేరు. ఈ మనిషిని దేవుడు చల్లగ చూడాలె అనుకుంది, దారం చల్లగా మెడకు తాకుతుంటే.

అల్లిక అయిపోయింది. పెద్ద గంపను ఒకవైపు ఒరిగించినట్టు, మనిషి ఒళ్లు అందులో సర్దుకునేటట్టు వచ్చింది. నిలువు పట్టీల కొసలు మాత్రం పైకి నిక్కి ఉన్నాయి. సఫూరా దూరంగా నిలబడి చూసి, “మాషా అల్లా. ఇట్లనే ఛోడ్ దేంగే, ఉండనీ. సూరజ్ కిరణాల లెక్క కొడ్తున్నది,” అంది.

“అంచు కట్టకుంటె ఎట్ల ఆపా? కూసుంటె రెండు దినాలల్ల ఊడి చేతికొస్తది.”

“తో బాంధ్ నా, కట్టు!”

“నేను కట్టను. ఆయన శుక్రారం వస్తడు, కడ్తడు.”

సఫూరాకు అర్థం కాలేదు. చెప్పాలంటే గౌరవ్వ తన అత్తగారింటి సంగతంతా చెప్పాలి. ఆ ఇంట్లో వెదురు నరుక్కొచ్చేది మొగవాళ్లు. చీల్చేది, నానబెట్టేది, చేతులు కోసుకుంటూ అల్లేది ఆడవాళ్లు. అది కూడా వంట అయ్యాక, నీళ్లు మోశాక, పసిదానికి పాలిచ్చాక. పొద్దంతా అల్లిన గంపకు చివర్న అంచు కట్టేది మాత్రం మొగవాడే. ఒక బీడీ కాలేంత సేపు పని. ఆ బీడీ అయిపోయాక అది ఆయన గంప. అంగట్లో ఇస్తారి నాయిన గంప అనేవాళ్లు, తర్వాత ఇస్తారి గంప అన్నారు. గౌరవ్వ గంప అన్నవాళ్లు పుట్టలేదు. ఆడదాని చెయ్యి అంచు మీద పడితే ఆ ఇంటి మొగవాని చెయ్యి పోతుందని ఆ ఇంటి నమ్మకం. కొత్త కోడలుగా వచ్చినప్పుడు గౌరవ్వ దాన్ని లెక్కచేయలేదు. మామ ఏదో పెళ్లికి పోయాడు, కొనేవాడు గుమ్మంలో నిలబడ్డాడు. తనే అంచు కట్టి ఇచ్చేసింది. ఆ వారంలోనే మామ వెదురు చీలుస్తుంటే కత్తి జారి కుడిచేతి బొటనవేలు తెగిపడింది. శాంతవ్వ వాడంతా వినేటట్టు రొమ్ము బాదుకుంది. “నా మొగని వేలు తిన్నదే ఇది! నీ కట్టు మీద మన్నుపొయ్య!” ఇస్తారి కొట్టలేదు, తిట్టలేదు. అంచు దాకా వచ్చిన గంపను ఆమె ఒడిలోంచి లాక్కుని, “నా చెయ్యి నాకు కావాలె గదనే,” అని నవ్వేవాడు. ప్రతిసారీ నవ్వేవాడు. ఆ నవ్వు తిట్టు కంటే లోతుగా దిగేది.

శుక్రవారం ఇస్తారి రాలేదు. ఫోన్ వచ్చింది. అతని రూమ్‌లో ఉండే అంజి. “వదినా, అన్నకు డ్యూటీ పడ్డది. స్లాబు పోస్తున్నరు. వచ్చే శుక్రారం వస్తడు, పరేషాన్ గాకు.”

మత్రాలో ఒక పాత గోదాములో సఫూరా చేసిన వస్తువులన్నీ జనానికి చూపించేది బుధవారం. మంగళవారం పొద్దున ఆమె అంది, “ఫికర్ నక్కో. ఇట్లనే పెడదాం. ఎవ్వరు కూసోకుంట చుట్టూ రస్సీ కడ్త.”

మంచికే అంది. కానీ గౌరవ్వ వంటింట్లోకి వచ్చాక ఆ తాడు కళ్ల ముందు నుంచి పోలేదు. తన నడుము కొలత, తన వీపు కొలత, చుట్టూ తాడు. చూసి పోండి, కూర్చోకండి. అంచు కట్టని కుర్చీ చూపుకే మిగిలిపోతుంది. కట్టుదామంటే సహంలో మూడో అంతస్తు మీద ఇనుప చువ్వలు వంచుతున్న ఇస్తారి చేతులు కనిపిస్తున్నాయి. నమ్మకమా, భయమా అంటే ఆమెకే తెలియదు. మామ వేలు నేల మీద పడి ఉండటం కళ్లతో చూసింది.

నిసార్ అహ్మద్ భోజనానికొచ్చే వేళ అవుతోంది. పప్పు తాలింపుకు వెల్లుల్లి కోసం అరమీద ఉన్న గుల్ల అందుకుంది. చిన్న వెదురు బుట్ట. ఊరి నుంచి బయల్దేరిన నాడు బస్సు దగ్గర శాంతవ్వ చేతిలో పెట్టింది. “కొత్తది. గట్టి కట్టు. పారెయ్యకు, జూసుకుంట ఉండు,” అంది. మొగమంత అటు తిప్పుకుని అంది. గౌరవ్వ ఇన్నాళ్లూ అందులో వెల్లుల్లి పోసుకుంది గానీ దాన్ని చూడలేదు. ఇప్పుడు అంచు ఎట్లా కడతారో గుర్తు తెచ్చుకుందామని వెలుతురులో పెట్టి తిప్పింది.

అంచు చుట్లు ఎదురువైపుకు వాలి ఉన్నాయి.

మళ్లీ తిప్పింది. మామ కట్టు ఇటు వాలుతుంది, ఇస్తారి కట్టూ ఇటే. కుడిచేత్తో లాగి బిగిస్తే అట్లాగే వస్తుంది. ఇది ఎడమచేత్తో లాగింది. ఆ ఇంట్లో ఎడమచేతివాటం ఒక్కరికే. కుడిచేత్తో తిని, కుడిచేత్తో దండం పెట్టి, పని దగ్గర మాత్రం ఎడమచెయ్యి ముందుకొచ్చేది శాంతవ్వకు.

పొయ్యి మీద నూనె పొగలు కక్కుతోంది. గౌరవ్వ చూడలేదు. వేలు పోయిన తర్వాత మామ తన వంతు గంపలన్నీ లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకునేవాడు. తెగిన వేలు పది మంది ముందు చూపించడానికి సిగ్గు అనుకున్నారు అందరూ. శాంతవ్వ చాయ్ తీసుకుని లోపలికి పోయేది. చాలాసేపటికి వచ్చేది. గంపలు అంచులతో బయటికొచ్చేవి. బొటనవేలు లేని చేత్తో పట్టీ బిగించడం ఎవరి వల్లా కాదని వెదురులో పుట్టి పెరిగిన తనకు ఒక్కనాడైనా తోచలేదు. ఇస్తారికీ తోచలేదు. ఇంటిల్లిపాదీ ఆ అంచుల మీద అన్నం తిన్నారు. మామకు మిగిలిన వేళ్లకు ఏమీ కాలేదు. ముసలివాడై, మంచంలో పడుకుని, నిద్రలో పోయాడు.

ముందు కోపంతో ఒళ్లు మండింది. అంత తెలిసినదానివి నన్నెందుకు వాడలో నిలబెట్టినవ్ అత్తా, అని గొంతు దాకా వచ్చింది. ఇన్నేళ్లు నా చేతుల్ని నేనే చూసుకోలేకపోయినా గదా. తర్వాత బస్సు దగ్గర అటు తిప్పుకున్న ఆ మొహం గుర్తొచ్చింది. నోటితో ఒప్పుకోవడం చేతకాని మనిషి. చేతకాక, తన చేతి పని తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. పట్టపగలు, ఇస్తారి పక్కనే ఉండగా. తిట్టిన నోటికి ఎంత కోపమున్నా, ఇచ్చిన ఆ ఎడమచేతిని మాత్రం కళ్లకద్దుకోవాలనిపించింది. గౌరవ్వ పొయ్యి ఆర్పింది. వెల్లుల్లి గట్టు మీద కుమ్మరించి, ఖాళీ గుల్లతో వరండాలోకి నడిచింది.

నిక్కిన కొసలన్నీ లోపలికి మడిచింది. మట్ట చీలిక ఒకటి లోపల, ఒకటి బయట పెట్టి, మధ్యలో కొసల్ని నొక్కి, నీలి పట్టీ గుచ్చి లాగింది. మొదటి చుట్టు రెండుసార్లు విప్పి మళ్లీ చుట్టింది. చేతులు జాగ్రత్త కవిత నాయినా, అనుకుంది. రెండో చుట్టుకు పంటితో పట్టి బిగించింది. తర్వాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు, లాగడమే. బీడీ కాలేంత సేపు అన్నది అబద్ధం. ఇంత పెద్ద అంచుకు ఎండ గోడ దిగి గడప దాకా వచ్చింది. లోపల నిసార్ అహ్మద్ అన్నం ముందు కూర్చుని, “పప్పుల తాలింపేది?” అని అరిచాడు. సఫూరా గొంతు వినిపించింది. “ఆజ్ నై హై. ఐసైచ్ ఖాలో, అట్లనే తినుండ్రి.”

సఫూరా బయటికొచ్చి అంచు చూసింది. “తూ బాంధీ? నువ్వే కట్టినవా?” అంది. గౌరవ్వ తలూపింది. సఫూరా పక్కన చతికిలబడి అట్ట ముక్క మీద రెండు పేర్లు రాసింది. “ఇది నా పేరు. దీని పైన ఉన్నది నీది.” గౌరవ్వకు చదువు రాదు. పైన ఉన్నదాని మీద వేలు పెట్టి చూసింది. ఇంకా తడిగా ఉంది, వేలికి సిరా అంటుకుంది. కడుక్కోబుద్ధి కాలేదు.

మత్రా గోదాములో తాడు కట్టలేదు. ఒక ఒమానీ ముసలమ్మ వచ్చి కుర్చీలో కూర్చుని, మనవరాళ్లు పిలిచినా లేవనంది. అందరూ నవ్వారు. గౌరవ్వ కూడా నవ్వింది గానీ మనసు సహంలో ఉంది. ఇంట్లో ఫోన్ మోగితే చాలు, అంజి ఏం చెప్తాడో అని చేతిలో పని వదిలేసేది.

శుక్రవారం పొద్దున కుర్చీ మళ్లీ వరండాలో ఉంది. గౌరవ్వ అందులో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. గేటు చప్పుడైంది. ఆమె ముందు మొగుడి మొహం చూడలేదు. చేతులు చూసింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పట్టీల మూట. వేళ్లన్నీ ఉన్నాయి. గోళ్ల నిండా సిమెంటు. లోపల కట్టుకున్నదేదో ఒక్కసారిగా వదిలి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇస్తారి మూట దించి, కుర్చీ చుట్టూ తిరిగాడు. అంచు మీద వేలుతో తడుముకుంటూ పోయాడు.

“ఎవరు కట్టిండ్రు?”

“నేనే.”

అతను తన రెండు చేతులు అటు ఇటు తిప్పి చూసుకున్నాడు. తెలియకుండానే చూసుకున్నాడు. గౌరవ్వ ఒళ్లో ఉన్న గుల్లలోంచి చిక్కుడుకాయలు కొంగులో పోసుకుని, గుల్ల అతనికిచ్చింది. “మీ నాయిన వేలు పోయినంక అల్లింది ఇది. అంచు జూడు.”

మేదరి బిడ్డకు విడమరిచి చెప్పే పని లేదు. ఇస్తారి గుల్లను వెలుతురుకు పెట్టాడు. తిప్పాడు. చాలాసేపు తిప్పుతూనే ఉన్నాడు.

“అమ్మ,” అన్నాడు చివరికి. ఇంకాసేపటికి కుర్చీ అంచును గట్టిగా గుంజి చూసి, “గట్టిగనే కట్టినవ్,” అన్నాడు. ఈసారి నవ్వలేదు. అతను నవ్వనందుకు గౌరవ్వకు మొక్కాలన్నంత పనైంది.

తర్వాత అలవాటు ప్రకారం నిలబడ్డాడు. ఎండన పడి వచ్చిన మొగుడు. ఆమె లేవాలి, చెంబుతో నీళ్లు తేవాలి.

“కుండ ఆడ మూలకున్నది,” అంది గౌరవ్వ చిక్కుడుకాయ విరుస్తూ. “నాకు గూడ ఒక గిలాస ముంచుకరా.”

ఇస్తారి ఆమెను చూశాడు, కుండను చూశాడు. చెప్పులు విడిచి మూలకు నడిచాడు. గౌరవ్వ ఒళ్లంతా వెనక్కి వాల్చి అంచుకు ఆనుకుంది. అది కదల్లేదు.