ఒక్క మనిషి నడిపే కోతయంత్రం

పాత కోతయంత్రం కింద వెల్లకిలా పడుకుని అన్న గొలుసుకు గ్రీజు పెడుతున్నాడు. తమ్ముడి భార్య టీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"రేపోమాపో పాత ఇనుముకి వేసేదే కదా బావగారూ, దానికెందుకీ సేవ?"

"ఇన్నేళ్లు తిండి పెట్టిందమ్మా. మురికి మొహంతో పంపిస్తామా?"

ఆమె నవ్వబోయి ఊరుకుంది. ఇంకేదో చెప్పాలన్నట్టు కాసేపు అక్కడే తచ్చాడి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

కిందటి కోతల్లో ఆ యంత్రం నడుం విరిగింది. వెల్డింగ్ మేస్త్రి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "అతుకు వేద్దామంటే అసలు ఇనుమేదీ? ఉన్నవన్నీ నా అతుకులే" అని చేతులెత్తేశాడు. ఉన్న కాస్త చేనూ గింజలకూ గడ్డికీ సాగుచేసేదే. గింజ నూర్చుకుని, గడ్డి మోపులు కట్టి పశువులవాళ్లకు అమ్ముకుంటేనే ఇల్లు గడుస్తుంది. యంత్రం లేకుండా ఈ ఏడు కోత కోయలేరు.

అన్న పొట్టిగా, గట్టిగా ఉంటాడు. స్టీరింగు పట్టి పట్టి ఎడమ భుజం కిందికి జారిపోయింది. తండ్రి పోయేనాటికి తమ్ముడు బడికి వెళ్లే పిల్లవాడు. వాణ్ని పెంచాడు, పెళ్లి చేశాడు. తన పెళ్లి మాట ఎవరెత్తినా "ఈ కోతలు కానీండి" అనేవాడు. కోతలు ఏటా వచ్చాయి, పెళ్లి రాలేదు. అందుకు ఆయనేమీ బాధపడినట్టు కనిపించేవాడు కాదు. యంత్రం మీద తను ముందు సీట్లో కూర్చునేవాడు. వెనక చెక్క అరుగు మీద నిలబడి తమ్ముడు గింజల్ని బస్తాల్లోకి పట్టేవాడు. ఇంజను మోతలో మాటలు వినపడవు. అయినా వెనక వాడున్నాడు, అది చాలు. అన్న ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు.

"బుడ్డోడా, పోదాం పద" అని కేకేశాడు. ద్వారబంధం తగలకుండా తల వంచుకుని బయటికొచ్చాడు నెరిసిన తల బుడ్డోడు.

పాత యంత్రాలు అమ్మే షెడ్డులో వాళ్లకు తగ్గవి రెండే ఉన్నాయి. ఒకటి అచ్చం తమదానిలాంటిదే, కాస్త కొత్తది. రెండోదానికి అద్దాల గది, అందులో ఒకే సీటు. అన్న నేరుగా వెనక్కి వెళ్లి, రెండింటి జల్లెళ్లలోనూ ఇరుక్కున్న గడ్డిపరకలు లాగి, వంచి చూశాడు. నలగలేదు, విరగలేదు. రెండూ గడ్డిని దక్కించేవే.

"ఇదేరా మనది" అన్నాడు మొదటిదాన్ని తట్టి. "అరుగు చూడు, ఎంత వెడల్పో! నువ్వు సుఖంగా నిలబడొచ్చు."

"రెండోది తీసుకుందాం అన్నయ్యా."

"దాంట్లో నువ్వెక్కడుంటావురా?"

షెడ్డు యజమాని అందుకున్నాడు. "రెండో మనిషే అక్కర్లేదండీ. గింజలు పైన తొట్టిలోకి పోతాయి. నిండాక గొట్టం తిప్పి ట్రాలీలో పోసుకోవడమే. ఒక్క మనిషి చాలు."

"మేం ఇద్దరం ఉన్నాం" అన్నాడు అన్న, కాస్త కటువుగా.

తమ్ముడు వినిపించుకోలేదు. అన్నను ఆ గదిలోకి ఎక్కించాడు. తలుపు వేసి, సందుల్లోంచి దుమ్ము లోపలికి వస్తుందేమోనని వేలితో అంచులు తడిమాడు. గొట్టం తిప్పే కర్ర ఎడమ చేతికి అందుతుందో లేదో లాగి చూడమన్నాడు. దించి మళ్లీ ఎక్కమన్నాడు.

"డాక్టరు కూడా ఇన్నిసార్లు లేపి కూర్చోబెట్టడు కదరా!" అని నవ్వాడు అన్న.

తమ్ముడు నవ్వలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. దగ్గు తెర ఒకటి వచ్చి, యంత్రం చక్రం పట్టుకుని వంగిపోయాడు. అది ఎంతకీ ఆగలేదు. అన్న దిగివచ్చి వీపు రాస్తుంటే, చొక్కా కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి.

బయట బల్ల మీద కూర్చున్నాక తమ్ముడు చెప్పాడు.

"దుమ్ములో ఉండొద్దన్నాడన్నయ్యా డాక్టరు. ఊపిరితిత్తులు సగం పోయాయట."

"అయితే అరుగెక్కకు. ఇంటి పట్టున ఉండు. నేను చేసుకుంటా."

"ఇంటి చుట్టూ గడ్డివాములే కదా."

అన్న తమ్ముడి వీపు మీద మళ్లీ చెయ్యి వేశాడు.

"బావమరిది ఉండేది సముద్రం పక్కన. గాలి బాగుంటుందట. వాళ్ల కొట్లో కూర్చునే పనుంది. కోతలు మొదలవకముందే వెళ్లాలి."

"ఎన్నాళ్ల నుంచిరా ఈ దగ్గు?"

"ఉంది. చాలా కోతల నుంచి."

"నాతో ఒక్క ముక్క అనలేదే!"

"అంటే నువ్వు యంత్రం ఆపేస్తావు. నువ్వు ఆపేస్తే మనమేం తిని బతుకుతాం?"

అన్న అరచేతుల్లోని గ్రీజు చారల్ని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత లేచి లోపలికి వెళ్లి, "ఆ అద్దాల గది ఉన్నది ఇవ్వండి" అన్నాడు.

అది ఇంటికి చేరేసరికి పైరు పసుపెక్కింది. మర్నాడు పొద్దున్నే కారు వచ్చింది. తమ్ముడి భార్య అన్నం వండి గిన్నె మీద మూత పెట్టింది. "వేళకి తినండి బావగారూ" అంటూ ఆ మూతను మళ్లీ ఒకసారి సర్దింది. తమ్ముడు కారెక్కుతూ, "పని చేసేటప్పుడు తలుపు వేసుకో అన్నయ్యా" అన్నాడు. అన్న తలూపాడు. కారు మలుపు తిరిగి, దాని వెనక లేచిన దుమ్మంతా అణిగేదాకా ఇంజను తిప్పలేదు.

ఆ రోజు ఒక్కడే చేను సగం కోశాడు. తొట్టి ఖాళీ చేయడానికి తప్ప ఎక్కడా ఆగలేదు, ఆగాల్సిన పనే రాలేదు. సాయంత్రం యంత్రాన్ని కొట్టంలో పెట్టి దిగుతుంటే గుంజకు గుచ్చి ఉన్న దబ్బనం కనిపించింది. బస్తాల మూతులు కుట్టడానికి తమ్ముడు వాడేది. తీద్దామని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. దబ్బనం కన్నులో పురికొస ఎక్కించే ఉంది, చివర ముడి కూడా వేసి ఉంది.